వంచినదాన్ని కుదుటపడనివ్వండి

1992వ సంవత్సరం జూలై నెల ఆరవ తేదీ, సోమవారం ఉదయం, మన సంస్థ కొలతల గదిలో కనిష్ఠ సాంకేతిక సహాయకురాలిగా మేడమ్‌గారు ఉద్యోగ ప్రవేశం చేశారు. ఆనాడు గదిలో వారికి కుర్చీ లేదు. స్టోర్సువారు ఇవాళ పంపుతాం, రేపు పంపుతాం అంటూ కాలయాపన చేస్తుండగా వారు నిలబడే పని నేర్చుకున్నారు. తీరా కుర్చీ వచ్చేసరికి నిలబడడమే అలవాటైపోయింది. ఆ అలవాటు వారి పనితనానికి కీర్తినీ, వారి మోకాళ్ళకు నొప్పినీ సమానంగా సంపాదించి పెట్టింది. అట్టి మేడమ్‌గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న శుభ సందర్భంలో నాలుగు మాటలు రాయవలసిన బాధ్యత మా మీద పడింది. శుభ సందర్భం అని రాయడం మర్యాద గనుక రాశాం. వెళ్ళేవారికి అది శుభమే. మిగిలేవారి సంగతి వచ్చే నెల మొదటి వారంలో తెలుస్తుంది.

మన సంస్థ పత్రిక తాలూకు ఈ సంచికను కుటుంబ సభ్యులు కూడా చదువుతారు కాబట్టి, మేడమ్‌గారు ఇన్నేళ్ళుగా ఇక్కడ ఏం చేశారో ముందుగా చెప్పడం ధర్మం. ఎందుకంటే వారి శ్రీవారు, డ్రాయింగు మాస్టారుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న సౌమ్యులు, ఇరుగుపొరుగు అడిగినప్పుడల్లా "మా ఆవిడ కరెంటుకు సంబంధించిన ఆఫీసులో" అని క్లుప్తంగా సెలవిచ్చేవారట. దాని ఫలితంగా ఆ వీధిలో ఎవరింట్లో బిల్లు ఎక్కువ వచ్చినా, ఎవరి మీటరు గిర్రున తిరిగినా, ఆదివారం పూట మేడమ్‌గారి గుమ్మం ముందు జనం నిలబడేవారు. మొదట్లో వారు వివరించి చూశారు. తరువాత తరువాత బిల్లు తీసుకుని, లోపలికి వెళ్ళి, కళ్ళజోడు పెట్టుకుని చూసి, "రీడింగు సరిగానే ఉందండీ, ఫ్యాన్లు తగ్గించండి" అని పంపేసేవారు. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టిన మనిషికి అదే సులువు.

అసలు పని ఇది. సన్నని వెండి రేణువులను జిగురులో కలిపి చేసిన సిరాతో, కాగితంలా వంగే పలుచని ప్లాస్టిక్ రేకుల మీద గీతలు అచ్చువేస్తారు. ఆ గీతల్లో కరెంటు ప్రవహిస్తుంది. తీగ చేసే పని గీత చేస్తుంది. తొలి రోజుల్లో అవి టెలిఫోను బొత్తాల కింద, బట్టలుతికే యంత్రాల బొత్తాల కింద ఉండే రేకులు. రేకు వంగుతుంది గనుక గీత కూడా వంగాలి. వంగాక కూడా దానిలో కరెంటు అంతే తేలికగా పోతోందా, లేక గీత దానికి అడ్డుపడుతోందా అన్నది కొలిచి చెప్పాలి. ఆ అడ్డుపడే గుణాన్ని పుస్తకాల్లో నిరోధం అంటారు. మేడమ్‌గారు తమ ఉద్యోగ జీవితమంతా కొలిచింది ఆ నిరోధాన్నే.

ఆ కొలతకు నాలుగు సూదులు కావాలి. రెండు చాలవా అని కొత్తగా చేరినవారందరూ అడిగేవారు. మేడమ్‌గారు అందరికీ ఒకే ఓపికతో, రానురాను ఒకే అలసటతో, ఒకే జవాబు చెప్పేవారు. "బయటి రెండు సూదులూ కరెంటు మోస్తాయి. లోపలి రెండూ ఊరికే చూస్తాయి. మోసేవాణ్ణే పిలిచి బరువెంతని అడిగితే తన కష్టం కూడా కలిపి చెప్తాడు. అందుకని మోసేవాళ్ళు వేరు, చూసేవాళ్ళు వేరు." ఈ మాటను మేమంతా కొలతల సూత్రంగానే విన్నాం. ఆవిడ తన కష్టాన్ని ఏనాడూ లెక్కలో కలపలేదన్న సంగతి మాలో ఎవరికీ తట్టలేదు.

తొంభైల నడిమి కాలంలో మన సంస్థలో అచ్చు విభాగానికీ కొలతల గదికీ నడుమ సాగిన కలహం పాతవారికి జ్ఞాపకం ఉంటుంది. అచ్చు విభాగం పంపిన రేకులను ఇక్కడివారు కడ్డీకి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టి, చివరకు సూదులు పెట్టి "పనికిరాదు" అని తిప్పి పంపేవారు. అచ్చువారు అదే రేకును తమ దగ్గర కొలిచి "బంగారంలా ఉంది" అని తిరిగి పంపేవారు. అత్తమీద కోపం దుత్తమీద తీసినట్టు ఇరుపక్షాల కోపమూ మీటర్ల మీద పడింది. ఆ ఏడాది మీటర్లు రెండుసార్లు మరమ్మతుకు వెళ్ళి, ఏ దోషమూ లేదన్న చీటీతో తిరిగి వచ్చాయి. ఒక మధ్యాహ్నం మేడమ్‌గారు తిరస్కరించవలసిన రేకును బల్లమీదే వదిలి టీకి వెళ్ళారు. వచ్చి, ఎందుకైనా మంచిదని మళ్ళీ సూదులు దించితే, నిరోధం తగ్గి ఉంది. దోషం అచ్చులోనూ లేదు, మీటరులోనూ లేదు. వెండి రేణువులను పట్టి ఉంచే జిగురు వంపు విప్పిన మరుక్షణమే కుదుటపడదు. నెమ్మదిగా, తన తీరులో తాను సర్దుకుంటుంది. విప్పీ విప్పగానే కొలిస్తే గీత గుణం కాదు, గీత ఆయాసం కొలిచినట్టు.

ఆనాటి నుంచి వంపు విప్పిన రేకు దగ్గరకు ఎవరు సూది తెచ్చినా మేడమ్‌గారి నోట వచ్చే మాట ఒక్కటే: "ఆగండి." కోపంగా కాదు, గట్టిగా కూడా కాదు. చెయ్యి చాపి, సూదుల కింద అరచెయ్యి అడ్డం పెట్టి, అంతే. రేకు కుదుటపడిందనుకున్నాక "ఊఁ, ఇక పెట్టండి" అనేవారు. ఈ రెండు మాటల మధ్య సంస్థలోని పెద్దలూ, పరదేశపు అతిథులూ, ఒకసారి సాక్షాత్తు సంచాలకులవారూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆవిడకు 'ఆగండి మేడమ్' అనే పేరు అలా స్థిరపడింది. ఆ పేరు వారికి తెలుసు. తెలియనట్టు ఉండడం వారి పెద్దరికం.

ఎంతసేపు ఆగాలన్నది పద్ధతి పత్రంలో నిమిషాల్లో రాసే ఉన్నా, గదిలో మాత్రం దానికి కొలమానం 'ఒక టీ'. అంటే క్యాంటీనుకు నడిచి, టీ తాగి, గ్లాసు కడిగి పెట్టి, తిరిగి వచ్చేంత సేపు. 'రెండు టీలు ఆగాను మేడమ్' అంటే అది ఎక్కువ సాగే రేకు అని అర్థం. అలా ఉండగా పద్దుల విభాగం నుంచి బదిలీ మీద ఒక సహోద్యోగి ఈ గదికి వచ్చారు. మహా చురుకైన మనిషి. 'ఆలస్యం అమృతం విషం' అన్నది వారి ఊతపదం. వారు వచ్చిన వారం నుంచి మంచి రేకులన్నీ వరసగా తప్పడం మొదలుపెట్టాయి. సిరా మార్చి చూశారు, సిరా ఆరబెట్టే పొయ్యి వేడి మార్చి చూశారు, అచ్చు విభాగంతో పాత యుద్ధం మళ్ళీ రాజుకోబోయింది. చివరకు మేడమ్‌గారు ఏమీ అనకుండా ఆయన వెనకాలే క్యాంటీనుకు వెళ్ళి కూర్చున్నారు.

"ఏమండీ, టీ అంత గటగటా తాగేస్తారేం?" అని అడిగారు తిరిగి వస్తూ.

"నాకు వేడి పడదు మేడమ్. చల్లారిన టీ ఇమ్మని ముందే చెప్పి ఉంచుతాను. నిలబడే తాగేస్తాను. టైము వేస్టవదు."

"ఆ సంగతి రేకుకి తెలీదు కదండీ," అన్నారు మేడమ్‌గారు.

ఆ సహోద్యోగి నాటి నుంచి 'గటగటగారు' అయ్యారు; కాలక్రమంలో విభాగాధిపతి కూడా అయ్యారు. ఈ సంచికకు సంపాదకులు వారే. పై పేరా ఇక్కడ మిగిలి ఉందంటే అది వారి పెద్ద మనసుకు నిదర్శనం.

2003లో మేడమ్‌గారు వరిష్ఠ సహాయకురాలిగానూ, 2012లో కొలతల గది అధికారిణిగానూ పదోన్నతి పొందారు. బొత్తాల రేకుల కాలం పోయి, సాగే రేకుల కాలం వచ్చింది. పక్షవాతం వచ్చినవారి వేళ్ళకు వ్యాయామం చేయించే తొడుగులు, రోగి రొమ్ముకు అంటించి గుండె చప్పుడు పట్టే పట్టీలు, వీటన్నిటి మీది వెండి గీతలూ వారి సూదుల కిందుగా నడిచి వెళ్ళినవే. ఈ దశలో వారి నుంచి మేము నేర్చుకున్న రెండో పాఠం ఒక ప్రశ్న రూపంలో ఉండేది: "అలిసిందా, తెగిందా?" ఎక్కువసార్లు వంచిన గీతలో నిరోధం ఎలాగూ పెరుగుతుంది. అలిసిన గీతకు కాస్త విరామం ఇస్తే మళ్ళీ దారిలో పడుతుంది. లోపల సన్నగా తెగిన గీతకు ఎన్ని టీలు ఆగినా లాభం లేదు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మీటరు కూడా మొదట రెంటికీ ఒకే అంకె చూపిస్తుంది. తేడా తెలియాలంటే ముట్టుకోకుండా వదిలెయ్యడం తప్ప వేరే ఉపాయం లేదని వారు చెప్పేవారు.

ఇక ఈ మధ్య సంవత్సరాల గురించి రాయాలంటే కలం బరువెక్కుతోంది. గదిలో వెళ్ళినవారి స్థానంలో కొత్తవారు రాలేదు. ముగ్గురి పని ఇద్దరికి, ఇద్దరి పని ఒకరికి వచ్చి చేరింది. రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు, మేమంతా మా అలసట చెప్పుకోవడానికి మేడమ్‌గారి దగ్గరికే వెళ్ళేవాళ్ళం. వారు వినేవారు, విని మా రేకులు కూడా కొన్ని తమ వైపుకు జరుపుకునేవారు. సూదుల మొనలు చూసీ చూసీ ఎడమ కంట నీరు కారడం మొదలైంది. మెడ ఒక పక్కకు తిరగడం మానేసింది. మెట్ల మలుపు దగ్గర గోడకు చెయ్యి ఆనించి నిలబడేవారు. ఎవరైనా వస్తుంటే చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నట్టు వంగేవారు. ఇవన్నీ చూశాం. చూసి, "మేడమ్, ఈ ఒక్క రేకు చూసిపెట్టండి" అన్నాం.

విరమణ తేదీ దగ్గర పడుతున్న కొద్దీ వారికి మరో కష్టం వచ్చిపడింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆవిడ ఇంకా కుర్చీ దిగకముందే ఆవిడ రోజులన్నీ ఎవరెవరో పంచేసుకున్నారు. మరో రెండేళ్ళు సలహాదారుగా కొనసాగించే ఉత్తర్వును విభాగాధిపతి స్వయంగా పైవారి చుట్టూ తిరిగి సాధించుకొచ్చారు. ఆసుపత్రిలో షిఫ్టు డ్యూటీలు చేసే కుమార్తె, మూడేళ్ళ కవలలను వచ్చే నెల నుంచి శిశుసంరక్షణ కేంద్రం మాన్పించి అమ్మ దగ్గర దింపడానికి నిశ్చయించుకున్నారు. శ్రీవారు, ఇన్నాళ్ళూ ఒంటరిగా గడిపిన పగళ్ళకు పరిహారంగా, తాము చూడవలసిన ఊళ్ళన్నిటికీ రంగు పెన్సిళ్ళతో పటం గీసి, దారులకు ఎర్ర రంగు వేసి సిద్ధంగా ఉంచారు. అందరిదీ ప్రేమే. అందులో ఒక్కరి తప్పూ లేదు. ఆవిడకు మాత్రం అడకత్తెరలో పోకచెక్క కూడా తనకంటే నయమనిపించి ఉంటుంది. దానికి రెండు వైపులే.

విరమణ పత్రాలకు దంపతుల ఫొటో, సంతకాలు అవసరమై, ఈ నెల మొదట్లో ఒక మధ్యాహ్నం మాస్టారూ కుమార్తే కొలతల గదికి వచ్చారు. మేడమ్‌గారు అప్పుడే ఒక గుండె పట్టీ రేకును కడ్డీ మీద నుంచి విప్పి బల్లమీద పరిచారు. ఆ దఫాలో అదే ఆఖరి రేకు. విభాగాధిపతి ఉత్తర్వు చేత్తో పట్టుకుని లోపలికి వచ్చారు.

"మంచి సమయానికి వచ్చారు మాస్టారూ. మేడమ్ చేత దీనిమీద సంతకం మీరే పెట్టించాలి. రెండేళ్ళే. రోజుకి సగం పూట వస్తే చాలు."

"సగం పూటంటే పొద్దునా, మధ్యాహ్నమా సార్?" అని కుమార్తె అడిగారు. "పొద్దునైతే పర్లేదు. పిల్లల్ని మధ్యాహ్నం దింపుతాను. ఏమ్మా?"

"మరి ఊళ్ళ సంగతో?" అన్నారు మాస్టారు, చేతిలోని పటం విప్పబోతూ. "సెలవులిస్తారా సార్? మొదటి విడత నెల్లాళ్ళు పడుతుంది."

"సెలవులదేముంది, సర్దుకుందాం," అన్నారు విభాగాధిపతి. "ముందు ఈ రేకు సంగతి తేల్చేస్తే, ఫలితం తీసుకెళ్ళడానికి కింద కారు ఎదురుచూస్తోంది. ఆలస్యం అమృతం విషం." అంటూ తామే సూదుల పిడి మీద చెయ్యి వేశారు.

"ఆగండి."

పిడి ఆగింది. మేడమ్‌గారి అరచెయ్యి యథాప్రకారం రేకుకూ సూదులకూ మధ్య ఉంది. అది అలవాటైన దృశ్యమే కాబట్టి విభాగాధిపతి నవ్వి, చెయ్యి తీసేశారు. మేడమ్‌గారు చాలాసేపు అరచెయ్యి తియ్యలేదు. తరువాత, ఈ గదిలో పనివేళల్లో ఎన్నడూ లేనిది, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఇప్పుడే కదా విప్పాను," అన్నారు. "అప్పుడే ఎందుకు సూది పెడతారు?"

"దీనికేగా మేడమ్, ఒక టీ ఆగుదాం," అన్నారు విభాగాధిపతి.

"దీని గురించి కాదు సార్. నా గురించి. నన్నింకా కడ్డీ మీంచి పూర్తిగా విప్పనైనా లేదు, మీరు ముగ్గురూ మూడు సూదులు పట్టుకుని నిలబడ్డారు."

కుమార్తె తల్లి పక్కన వంగి, "ఒంట్లో బాలేదా అమ్మా?" అని నెమ్మదిగా అడిగారు.

"బాగానే ఉందే. అలిసిపోయాను. అంతే. పొద్దున లేస్తే అలుపు, పడుకుంటే అలుపు. ఇది అలుపో, లోపల ఏదైనా తెగిందో నాకే తెలీట్లేదు. కొన్నాళ్ళు ఎవరూ ముట్టుకోకుండా వదిలేస్తే తెలుస్తుంది. పిల్లలంటే నాకు ఇష్టం లేకా? ఊళ్ళంటే ఇష్టం లేకా? ఈ గదంటే మాత్రం ఇష్టం లేదా? ఇప్పుడు పెడితే మాత్రం తప్పు రీడింగే వస్తుంది. నేను మీ అందరి మీదా విసుక్కుంటాను. అది నా గుణం అనుకుంటారు."

ఈ మాటలు ఇక్కడ అచ్చువేయడానికి వారి అనుమతి తీసుకున్నాం. "రాయండి, మళ్ళీ మళ్ళీ చెప్పే ఓపిక నాకు లేదు" అన్నారు.

కుమార్తె కళ్ళు తుడుచుకున్నారు. కొంత చిన్నబుచ్చుకున్నారు కూడా. పిల్లల డ్యూటీ మళ్ళీ మొదటికొచ్చిందన్న దిగులు వారి ముఖంలో దాగలేదు, దాగవలసిన అవసరమూ లేదు. మాస్టారు పటాన్ని పాత మడతల వెంటే మడిచి సంచీలో పెట్టుకున్నారు. విభాగాధిపతి ఉత్తర్వును జేబులో పెట్టుకుని, కొంత తటపటాయించి అడిగారు. "ఎంతసేపు ఆగాలి మేడమ్?"

"ముందు మీరంతా వెళ్ళి టీ తాగి రండి," అన్నారు వారు. "మీరు మాత్రం కూర్చుని తాగండి సార్."

వెళ్ళారు. క్యాంటీనులో ఆ ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. విభాగాధిపతి జీవితంలో మొదటిసారి వేడి టీ తెప్పించుకుని, ఊదుకుంటూ, నాలుక కాల్చుకుంటూ, చివరిదాకా కూర్చుని తాగారని మాస్టారు చెప్పారు. తిరిగి వచ్చేసరికి మేడమ్‌గారు కుర్చీలోనే నిద్రపోతున్నారు. మెడ తిరగని వైపుకే కాస్త ఒరిగి ఉంది. రేకు కొలవకుండా బల్లమీద అలాగే ఉంది. కొలవవలసిన వేళ ఎప్పుడో దాటింది. ఇన్నేళ్ళలో ఒక రేకు వారి చేతిలో వేళ తప్పడం అదే మొదలు. విభాగాధిపతి తలుపు దగ్గరే నిలబడి, వెనక వస్తున్న మా అందరికీ అరచెయ్యి అడ్డం పెట్టారు. కింద కారు ఖాళీగా వెళ్ళిపోయింది. పట్టీ ఫలితం మర్నాడు వెళ్ళింది. దానివల్ల ఏ కొంపా మునగలేదు.

ఉత్తర్వు ఇప్పటికీ సంతకం లేకుండా విభాగాధిపతి సొరుగులో ఉంది. కవలలు శిశుసంరక్షణ కేంద్రానికే వెళుతున్నారు. నాలుగు సూదుల దగ్గర వచ్చే నెల నుంచి ఎవరు నిలబడతారో మాకింకా తెలియదు, భయంగానే ఉంది. అయినా ఈ ఒక్క పాఠమైనా సరిగా వచ్చిందనిపించుకోవాలని మా కోరిక.

కాబట్టి మేడమ్‌గారు మోకాళ్ళ నొప్పి నెమ్మదించి, ఎడమ కంటి నీరు ఆగి, మెడ రెండు వైపులా తిరిగి, తెల్లవారినా లేవనక్కరలేని ఉదయాలతో, ఎవరి కోసమూ నిలబడనక్కరలేని మధ్యాహ్నాలతో, సంపూర్ణారోగ్యంతో నిండు నూరేళ్ళూ జీవించాలని మనసారా ఆకాంక్షిస్తున్నాం. దారిలో ఎదురైనప్పుడు "ఇప్పుడేం చేస్తున్నారు మేడమ్?" అని సహోద్యోగులెవరూ అడగవద్దని మనవి. "ఊఁ, ఇక పెట్టండి" అని వారంతట వారే అనేదాకా, ఆ మాట ఎన్నేళ్ళకు వచ్చినా, అసలే రాకపోయినా, మేం ఆగుతాం.